సరుగుడా, వేపయా?

తలిదండ్రులారా,

పాఠశాల వెనుక ఖాళీ స్థలములో సరుగుడు వేసి, నాలుగేండ్లకు కొట్టి అమ్మినచో భవననిధికి సొమ్ము చేకూరునని మీలో కొందరు సూచించితిరి. ఆలోచన సబబైనదే. 1856లో మన పట్టాభిరామ్ మీదుగా రైలు నడిచిన తరువాత, యింజనుల కట్టెలకై మదరాసు తీరమున పెంచిన చెట్టిదియే. ఇక్కడివారు సవుక్కు అందురు. దీని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చుటచే ఇసుకలోనైనను వడిగా నెదుగును.

చెట్టు తన దేహమును మట్టితో కట్టుకొనునని మనలో పెక్కుర తలంపు. కట్టుకొనునది ముఖ్యముగా గాలితోను నీటితోను. ఎండుకఱ్ఱలో ఇంచుమించు సగము కర్బనమే. 100 కిలోల ఎండుకఱ్ఱకు సుమారు 180 కిలోల బొగ్గుపులుసు వాయువును చెట్టు గాలినుండి తీసికొనును.

కాని పెరుగుట వేరు, దాచుట వేరు. సరుగుడు పొయ్యిలోనికి పోయిన నాడే ఆ వాయువు తిరిగి గాలిలో కలియును. కట్టడపు గుంజలైనచో కొన్నాళ్లు నిలుచును. నరికి మరల నాటు తోపులో సగటున నిలువయుండునది, నరుకునాటి నిలువలో సగమునకు అటునిటు. వేప నిదానముగా నెదిగినను తరములపాటు దాచును.

కావున సగము స్థలమున సరుగుడును, ప్రహరీగోడ వెంబడి వేప, కానుగలను నాటింపదలచితిమి. ఏటేట పిల్లలు నాలుగున్నర అడుగుల యెత్తున త్రాటితో చుట్టుకొలత తీసి తెలుగున పద్దు వ్రాయుదురు. ఇంట చదివించుకొని వినుడు. (తెలుగక్షరములు మరచిన తండ్రులు కొందరున్నారని మేమెఱుగుదుము.) వేపమొక్కలకు మొదటి రెండు వేసవులు నీరు పోయవలెను. సెలవులలో బిందె పట్టగల వారెవరో ఈ సభ ముగియులోపల పేర్లు వ్రాయింపుడు.