కొత్తగా కొన్న పాడిగేదె - పండుగనాటి మేత



సంక్రాంతికి ముందు సంతలో పాడిగేదెను కొని ఇంటికి తెచ్చుకొనువారు మనలో చాలమంది కలరు. అది సాధారణముగా అప్పు చేసి కొన్న గేదె. దాని పాలమీదనే వాయిదా చెల్లవలెను, ఇల్లు గడవవలెను. ఇట్టి గేదెకు రెండు గండములున్నవి. ఒకటి ఇల్లు మారిన తొలి మూడు వారములు. రెండవది కనుమ పండుగ. రెండింటిలోను ముఖ్యముగా భయపడవలసినది మేతలో హఠాత్తుగా వచ్చు మార్పునకే.

గేదె పెద్దపొట్ట నూరు లీటర్లకు పైగా పట్టును. అందులోని కోట్లకొలది సూక్ష్మజీవులే గడ్డిని పులియబెట్టి అరుగునట్లు చేయును. మేత మారినచో ఇవి దానికి అలవాటుపడుటకు సుమారు రెండు వారములు పట్టును.

కాబట్టి బేరము కుదిరినప్పుడే అమ్మినవారిని మూడు సంగతులు అడుగవలెను: ఏ మేత వేయుచున్నారు, దాణా ఎంత పెట్టుచున్నారు, ఏ వేళకు పాలు పితుకుచున్నారు? వీలైనచో నాలుగైదు రోజులకు సరిపడు వారి మేతనే వెంట తెచ్చుకొనవలెను. మొదట అందులో మన మేత పావువంతు కలిపి, క్రమముగా పెంచవలెను. పాతమేత దొరకనిచో ఎండుగడ్డి ఎక్కువగా వేసి, పచ్చిమేతను, దాణాను కొద్దికొద్దిగా పెంచవలెను. కొత్తచోట పాలు తగ్గుట సహజము. తొందరపడి దాణా రెట్టింపు చేయరాదు. పాలు చేపుటకని సూదిమందు వేయరాదు.

కొత్త గేదెను 21 రోజులు మిగిలిన పశువులకు దూరముగా కట్టవలెను. దాని తొట్టి, పలుపు వేరుగా ఉండవలెను. ముందు పాత పశువుల పని ముగించుకొని, ఆ తరువాతనే దీని వద్దకు పోవలెను. గాలికుంటు టీకా వేసినదీ లేనిదీ అడిగి తెలిసికొని, పశువైద్యునిచే ఈసుకుపోవు రోగమునకు రక్తపరీక్ష చేయించవలెను.

ఇక కనుమ సంగతి. ఆనాడు పశువును కడిగి, పూజించి, పొంగలి పెట్టుట మన ఆచారము. దానిని మానుమని నేను చెప్పను. ప్రసాదముగా ఒక ముద్ద పెట్టినచో నష్టము లేదు. కాని ఇంటి యజమాని ఒక పళ్లెము, పిల్లలు ఒక పళ్లెము, పొరుగువారు ఒక పళ్లెము పెట్టి, సాయంకాలము మిగిలిన అన్నము, పులిహోర కూడ తొట్టిలో కుమ్మరించుట ప్రమాదము. అంత అన్నము ఒక్కసారిగా పులిసి పెద్దపొట్టలో ఆమ్లము పెరుగును. పశువు మేత ముట్టదు, నెమరు వేయదు, పుల్లని వాసనతో పలుచగా పేడ వేయును, తూలి పడిపోవును. ఒకటి రెండు రోజులలో ప్రాణమే పోవచ్చును.

ఇట్టి గుర్తులు కనబడగానే అన్నము, దాణా ఆపి ఎండుగడ్డి మాత్రమే వేయవలెను. వెంటనే పశువైద్యుని పిలువవలెను, లేదా 1962 నెంబరుకు ఫోను చేయవలెను. పడిపోయిన పశువునకు గొట్టముతో మందులు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

పండుగనాడు అందరి పొంగలిని ఒకే గిన్నెలో ఉంచి, ఇంటిలో ఒకరే తమ చేతితో పెట్టవలెను. ధాన్యపు బస్తాలు, మిగిలిన వంటకములు పశువునకు అందనిచోట ఉంచవలెను. ప్లాస్టిక్ సంచులను దొడ్డిలో పారవేయరాదు. కొమ్ములకు సీసము కలిసిన రంగులు పూయరాదు. పసుపు, కుంకుమ చాలును.

పండుగకు అత్తవారింటికి పోవువారు గేదెను పొరుగువారికి ఊరక అప్పగించి పోరాదు. మేత ఎంత, దాణా ఎన్ని డబ్బాలు, నీళ్లు ఎప్పుడు, పాలు ఏ వేళకు అన్నది కాగితముపై వ్రాసి, కొలత డబ్బాతో సహా ఇయ్యవలెను. బయలుదేరుటకు రెండు రోజుల ముందునుండియే వారిచేత మేత వేయించి, పాలు పితికించవలెను. పశువైద్యుని ఫోను నెంబరును అదే కాగితముమీద వ్రాయవలెను.

మనకు పండుగ మూడు రోజులు. పశువు పొట్టకు మాత్రము ఆ మూడు రోజులును మామూలు రోజులే కావలెను.