జ్వరం దిగిన తరువాత
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



నేను వైద్యుడను కాను. మెట్రిక్కుతో చదువు ముగించిన రైల్వే గుమాస్తాను. అయినా మా ఇంట జరిగిన సంగతి ఒకటి మీ చెవిన వేయవలెనని నిలుచున్నాను.

2021 మే నెలలో మా అన్నగారికి కరోనా సోకినది. పది రోజులలో లేచి తిరిగినారు. అది మామిడికాయల కాలం. కావేరిపట్టణం మండీలలో పని ఎవరికోసం ఆగుతుంది? జ్వరం దిగినది గదా అని వెంటనే కాయల తట్టలు మోయసాగినారు. మూడవ వారంలో ఆయాసం, గుండెలో నొప్పి. గుండె కండరం వాచినదని డాక్టరుగారు చెప్పి, బరువు పని మాన్పించినారు. కొన్ని నెలలకు కోలుకొన్నారు. కాని ఆ ఏటి సంపాదన పోయినది.

ఇది మా అన్నగారి ఒక్కరి కథ కాదు. ఒంటిలో చొరబడిన వైరస్‌తో జరిగే పోరులో రక్తనాళాలు వాచును, నెత్తురు గడ్డకట్టును. ఫ్లూ సోకిన మొదటి వారంలో గుండెపోటు ప్రమాదం ఆరు రెట్లని కెనడా పరిశోధకులు 2018లో ప్రకటించినారు. కరోనా తగ్గిన ఏడాది వరకు గుండెజబ్బులు, పక్షవాతం అధికమని 2022లో అమెరికా పరిశోధకులు తెలిపినారు.

మెదడు మాటకు దూరం పోనక్కరలేదు. జపాను మెదడువాపు జ్వరాన్ని మన దేశంలో మనుష్యులలో తొలిసారి గుర్తించినది 1955లో, మన పొరుగున ఉన్న ఉత్తర ఆర్కాటులోనూ, దాని నంటిన ఆంధ్ర జిల్లాలలోనూ. వరిమళ్ళలో పెరిగే దోమలు దానిని మోయును. ప్రాణం దక్కిన పిల్లలలో అనేకులకు మూర్ఛలు, చేతులు కాళ్ళు స్వాధీనం తప్పుట, చదువు అబ్బకపోవుట జీవితాంతం మిగులును. తట్టు కూడ, అరుదుగానే అయినా, తగ్గిన ఏడెనిమిదేండ్లకు మెదడును చెరచి ప్రాణం తీయును.

కనుక నా మనవి నాలుగు మాటలు. పిల్లలకు తట్టు టీకా తప్పక వేయించండి. మెదడువాపు తిరిగే జిల్లాలలో ఆ టీకా కూడ ప్రభుత్వమే ఉచితంగా వేయుచున్నది. పెద్దజ్వరం తగ్గినవారు కొన్ని వారాలు బరువు పని మానండి. రక్తపోటు, చక్కెర చూపించుకొనండి. గుండెనొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు కనబడితే ఆ గంటలోనే ఆసుపత్రికి పొండి.

రైలు వెళ్ళిపోయినదని గ్యాంగుమన్ ఊరకుండడు. పట్టాలను మరల చూచుకొనును. పొరుగు నేలకు బ్రతుక వచ్చినవారము మనము. మన ఇంటి సంపాదన ఒక్క మనిషి ఒంటిమీదనే నిలిచియున్నది. ఆ ఒంటిని మనమూ అట్లే చూచుకొందము.