మందులషాపు – ఆసుపత్రికి చేదోడు



ఉదయమున ఏ ప్రభుత్వ వైద్యాలయమునకు బోయినను ఓ.పి. చీటీకై నిలిచిన జనుల బారు కన్పట్టును. జలుబు చేసినవాడును, గుండెనొప్పి గలవాడును, రక్తపుపోటు మాత్రలకై నెలనెల వచ్చు వృద్ధుడును ఆ బారులో ఒక్కరీతినే నిలుచుందురు. వైద్యుని వేళ పరిమితము. అల్పవ్యాధికి వ్యయమైన ప్రతి నిమిషమును ప్రబలవ్యాధికి కొఱతయే. యానాము పుదుచ్చేరి పాలనలోనిది. చుట్టునున్న గ్రామములు ఆంధ్రప్రదేశములోనివి. పాలనకు పొలిమేర గలదు గాని జ్వరమునకు లేదు. కావున ఈ విచారము ఉభయులదియును.

ఇందుల కొక యుపాయము మన వీధిలోనే యున్నది. అది మందులషాపు. అందలి ఫార్మసిస్టు కేవలము విక్రేత గాడు. ఔషధముల గుణదోషములు చదివి, పేరు నమోదు చేయించుకొన్నవాడు. 1948 నాటి ఫార్మసీ చట్టమును బట్టి వైద్యుని చీటీపై మందిచ్చుటకు అట్టివాడే యర్హుడు. మందు వాడు విధమును రోగికి దెలుపుటయు వాని ధర్మమని 2015 నాటి నిబంధనలు చెప్పుచున్నవి.

1954 వఱకు యానాము నేలిన ఫ్రెంచివారి దేశమున, గొంతునొప్పికిని మూత్రవ్యాధికిని పరీక్ష జేసి, తగినచో వైద్యుని చీటీ లేకయే మందిచ్చు నధికారమును శిక్షణ పొందిన ఫార్మసిస్టులకు 2024లో నొసగిరి. ఇంగ్లండులో ఆ సంవత్సరమే జనవరి 31 నుండి ఏడు సామాన్యవ్యాధులకు ఇట్టి యేర్పాటు గావించిరి.

మనదేశమున ఆ యధికారము లేదు. అయినను చేయదగిన దెంతయో కలదు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును ఎంత నీట కలుపవలెనో, ఏ మాత్ర భోజనమునకు ముందో, ఏది పిదపనో షాపులోనే యడిగి తెలిసికొనవచ్చును. 2008లో ఆరంభమైన జనౌషధి పథకపు దుకాణములలో అవే మందులు చౌకగా లభించును.

“ఆసుపత్రిలో మందు ఉచితము, షాపులో రూకలీయవలెను గదా” యని మీరడుగవచ్చును. ఆ మాట న్యాయమే. పేదవానిని బారునుండి తప్పించి అప్పులోనికి దింపుట యుపకారము గాదు. కనుక నిలుకడగనున్న దీర్ఘరోగులకు నెలకు సరిపడు మందులను వేఱు కిటికీయొద్ద నిమ్మని అధికారులను గోరుట పెద్దల కర్తవ్యము.

మఱియొక హెచ్చరిక. యాంటీబయాటిక్కులను చీటీ లేక యడుగరాదు, ఈయరాదు. వానిలో కొన్నింటికి ప్రత్యేకమగు రిజిస్టరు నుంచవలెనని 2014 నుండి నియమము గలదు. రొమ్మునొప్పి, ఆయాసము, మూతి వంకరపోవుట, పాముకాటు, శిశువు పాలు త్రాగకుండుట – వీనికి షాపువద్ద నిలువక తత్‌క్షణమే ఆసుపత్రికి బోవలెను. రెండు వారములు దాటిన దగ్గునకు కఫపరీక్ష చేయింపవలెను.

గ్రామమున పదుగురు మాట వినువారు మీరు. మీ యూరి షాపులో అర్హుడగు ఫార్మసిస్టు స్వయముగా నున్నాడో లేడో విచారింపుడు, బిల్లు అడుగుడు. ఏ వ్యాధికి ఏ గడప త్రొక్కవలెనో పదిమందికి దెలుపుడు. అంతమాత్రముననే ఆ బారు కొంత తగ్గును. నిజముగ నాపదలోనున్నవానికి వైద్యుడు వేళకు దొరకును.