నగదు సంచి, చిల్లర, రాజీ
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పింఛను గురించి నాకన్నా తెలిసినవారు మాట్లాడారు కనుక నేను వేరే సంగతి మనవి చేస్తాను. డ్యూటీలో ఉన్న మన పిల్లల మీద చేయి పడకుండా ఏం చేయగలమన్నదే ఆ సంగతి.

1987లో నేను నైట్ అవుట్ బస్సు మీద ఉన్నాను. ఆఖరి పల్లెలో బస్సు ఆపి, డ్రైవరు బయట నులకమంచం మీద, నేను లోపల వెనక సీటులో నగదు సంచి తల కింద పెట్టుకొని పడుకున్నాం. రాత్రి రెండు గంటలప్పుడు ఇద్దరొచ్చారు. సంచి వదలనంటే ముంజేతి మీద ఇనుప కడ్డీతో కొట్టారు. (వాన వచ్చేముందు ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కబురు చెబుతుంది.) పోయింది 1,140 రూపాయలు. టిక్కెట్ల ట్రే మాత్రం వదిలేశారు. తెల్లారి కట్టుతో డిపోకు వెళితే మొదట అడిగింది చేయి గురించి కాదు, వేబిల్లు గురించి. ఆ సొమ్ము నా జీతంలో వాయిదాలుగా కోశారు. ఆ ఏడు సంక్రాంతికి మా ఇంటావిడ తనకు చీర వద్దంది.

దొంగల సంగతి అలా ఉంచండి. మనం పడ్డ తగవుల్లో ఎక్కువ చిల్లర దగ్గర పుట్టినవే. టిక్కెట్టు వెనక బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు తీసుకోమనడం మనందరం చేసిందే కదా! అమెరికాలో డ్రైవరే డబ్బు తీసుకొని చిల్లర ఇచ్చేవాడు. 1960ల చివర డ్రైవర్లను దోచుకోవడం పెరిగేసరికి, 1968లో వాషింగ్టన్‌లో, 1969లో న్యూయార్క్‌లో పద్ధతి మార్చారు. ప్రయాణికుడే సరిగ్గా ఛార్జీ తెచ్చి తాళమేసిన పెట్టెలో వేయాలి. డ్రైవరు దగ్గర చిల్లర ఉండదు. దోచుకోవడానికేమీ లేకపోయాక దోపిడీలు బాగా తగ్గాయి.

మన దగ్గర టిక్కెట్ల యంత్రాలూ, ఫోను చెల్లింపులూ ఆ పని కొంత చేస్తున్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చి సంచి ఇంకా తేలికైంది. తగవు మాత్రం పోలేదు. కార్డు చూపమన్నా, స్టాపు కానిచోట ఆపకపోయినా, బైకుకు దారివ్వకపోయినా చేయి చేసుకునేవారున్నారు. మా అమ్మాయి ఇప్పుడు కండక్టరు. ఆఖరి ట్రిప్పు దిగి ఫోను చేసేదాకా మా ఇంట్లో దీపం ఆర్పరు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. రిటైరయ్యే ముందు, ఒక కుర్ర డ్రైవరును కొట్టినవాళ్ళతో నేనే దగ్గరుండి రాజీ చేయించాను. "రోజూ ఆ ఊరికి వెళ్ళాల్సినవాడివి నాయనా" అన్నాను. అతను ఆ తరువాత ఆ రూటు ఎక్కలేదు, నాతో సరిగా మాట్లాడనూ లేదు.

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 43వ సెక్షను ప్రకారం, ఆ చట్టం కింద విధుల్లో ఉన్న సంస్థ ఉద్యోగి పబ్లిక్ సర్వెంటే. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో, డ్యూటీకి అడ్డుపడి దౌర్జన్యం చేస్తే 132వ సెక్షను కింద రెండేళ్ళ దాకా, గాయపరిస్తే 121 కింద ఐదేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. కాని ఫిర్యాదు ఆ రోజే ఇవ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో గాయం రాయించాలి. ప్రయాణికులలో ఇద్దరి ఫోను నంబర్లు తీసుకోవాలి. దెబ్బ తిన్న మనిషికి ఆ వేళ ఇవేవీ తోచవు.

అందుకని మనలో ఓపిక ఉన్నవాళ్ళు, పిలుపు వచ్చిన రాత్రి స్టేషనుకు తోడు వెళ్ళాలని కోరుతున్నాను. రాజీకి కాదు, రాతకోతలకు. నా పేరు కార్యదర్శి గారికి ఇచ్చాను. బయట బల్ల మీద కాగితం పెట్టారు, భోజనానికి వెళ్ళేముందు చూడండి.