అనుభవదారు గడి



ఎవరి స్మృతిలో ఈ సాయంత్రం కలుసుకున్నామో ఆ కోకా సుబ్బారావుగారు 1902లో ఈ రాజమహేంద్రవరంలోనే పుట్టారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1966లో దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరు మీద మాట్లాడమంటే ఎవరైనా గోలక్‌నాథ్ కేసు ఎత్తుకుంటారు. నేనూ ఎత్తుకుంటాను. అయితే నాకు ఆ కేసుకు దారి ఢిల్లీ నుంచి లేదు, కోనసీమలో ఒక కొబ్బరితోట లోంచి ఉంది.

1981 ప్రాంతం. జూనియరుగా చేరి ఏడాది కాలేదు. ఒక కాలవ గట్టు వెడల్పు చేయడానికి ప్రభుత్వం భూమి తీసుకుంటోంది. తోటలో ఏమేం ఉన్నాయో రాసుకోడానికి మనుషులొస్తున్నారు, వెళ్ళి చూసి రమ్మని మా సీనియర్‌గారు పంపారు. సర్వేయరు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, చేతిలో రిజిస్టరుతో గుమాస్తా, తెల్ల రంగు డబ్బా పట్టుకుని ఒక కుర్రాడు. చెట్టుకో అంకె వేస్తూ పోతున్నారు. కాపున్నది ఒక వరస, మొక్క ఒక వరస, కాపుడిగింది ఇంకో వరస. ఇరవై ఏడో నంబరు దగ్గర గుమాస్తా మొవ్వు వైపు ఒకసారి చూసి, "కాపు లేదు, వంటచెరకు" అని రాసుకున్నాడు. అంతదాకా అరుగు మీద కూర్చున్న మామ్మగారు లేచొచ్చింది.

"బాబూ, అది మా అత్తగారు కాపురానికొచ్చిన ఏడు పాతిన చెట్టండి. పొయ్యిలో పెట్టేది కింద రాసేసేరా?"

గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. "రిజిస్టర్లో దానికి గడి లేదు మామ్మగారూ" అన్నాడు.

ఆ రోజు సర్వే గొలుసు రెండో కొస పట్టుకుని మోకాలి లోతు బోదెలోకి దిగినవాడొకడున్నాడు. అతని సంగతి చివర్లో చెబుతాను. అప్పుడు నేనూ అతన్ని సరిగ్గా చూడలేదు.

సర్కారు మన దగ్గర భూమి తీసుకోవాలంటే ముందు అది మనకంటూ ఉండాలి కదా. ఉందా? 1802లో కంపెనీవారు 25వ రెగ్యులేషన్ తెచ్చి శాశ్వత పైసలా చేసినప్పుడు మిల్కియత్ సనదు జమీందారు చేతికిచ్చారు. మిల్కియత్ అంటే సొంతదారీ. పిఠాపురం, పెద్దాపురం, ఇంకా చిన్నాపెద్దా జమీందార్లు కాగితం మీద సొంతదార్లయ్యారు. దున్నేవాడి పేరు ఆ సనదులో లేదు. పేష్కషు కట్టలేక జమీలు వేలానికొచ్చాయి, కరువులొచ్చాయి, ఊళ్ళకు ఊళ్ళు పాడుపడ్డాయి. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ ఈ జిల్లా దురవస్థ మీద నివేదిక రాశాడంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి. అప్పటి రాజమండ్రి జిల్లాలో భూమిని గుంజుకోడానికి చట్టం ఎవరికి కావాలి? ఉచితంగా ఇస్తామన్నా పుచ్చుకునేవాడు లేడు.

తరవాత కాటన్ దొర వచ్చాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. సరిగ్గా ఆ 1852లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రజాప్రయోజనం కోసం ప్రైవేటు భూమి తీసుకోడానికి 20వ చట్టం వచ్చింది. ఇది కాకతాళీయమే కావచ్చు. దాన్ని మన ఆనకట్ట కోసం చేశారని నేననను. కానీ ఈ రెండు తేదీలూ పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. కాలవ రాకముందు మన పొలానికి ధర లేదు. ఆ కాలవ తవ్వాలంటే ఎవడి పొలమో పోవాలి. ధర తెచ్చిన నీరూ, పొలం మింగిన గట్టూ ఒకే చేతివి. 1865లో నీటి తీరువా చట్టం చేసి ఆ చెయ్యే పన్నూ వసూలు చేసింది. డెల్టా రైతుకు సర్కారు మీద కోపం ఎప్పుడూ పూర్తిగా రాకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం. మనం ఇంటింటా కాటన్ దొరకు దండం పెడతాం, సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. కాలవలో పోయిన పొలాలు ఎవరివో చెప్పమంటే ఒక్క పేరు చెప్పలేం.

1857 చట్టం, 1870 చట్టం దాటుకుని 1894కి వస్తే, మా వృత్తిలో వాళ్ళం నూట ఇరవై ఏళ్ళు అన్నం తిన్న భూసేకరణ చట్టం. నాలుగో సెక్షన్ కింద ప్రకటన, ఆరు కింద ప్రజాప్రయోజనమన్న డిక్లరేషన్, పదకొండు కింద అవార్డు, ధర చాలకపోతే పద్దెనిమిది కింద కోర్టుకు రిఫరెన్సు. అత్యవసరమంటే పదిహేడో సెక్షన్. అభ్యంతరం వినకుండానే స్వాధీనం. ప్రజాప్రయోజనం ఉందో లేదో తేల్చేది ప్రభుత్వమే, ధర కట్టేదీ ప్రభుత్వోద్యోగే. ఇష్టం లేకుండా ఇస్తున్నందుకు ఓదార్పుగా పదిహేను శాతం. 1984లో అది ముప్పై అయింది, 2013 చట్టంలో నూరు. ఓదార్పు పెరుగుతూ వచ్చిందంటే దుఃఖాన్ని గుర్తించినట్టే గాని, అడిగి తీసుకునే అలవాటు మాత్రం చాలాకాలం పుట్టలేదు.

ఇక్కడ మన గుట్టు కూడా ఒకటి చెప్పాలి, బారులోవాళ్ళు నవ్వుకున్నా సరే. మార్కెట్ ధర ఎలా తేలుస్తారు? చుట్టుపక్కల రిజిస్టరైన దస్తావేజుల్ని బట్టి. ఆ దస్తావేజుల్లో మనమేం రాస్తాం? స్టాంపు ఖర్చు మిగుల్తుందని నిజం ధరలో మూడోవంతో సగమో. పదేళ్ళ తరవాత సర్కారు అదే కాగితం తెచ్చి మన ముందు పెడుతుంది. సాక్షి బోనులో నిలబడి, "అందులో తక్కువ రాశామండి" అని నా కక్షిదారు ఒకాయన చెప్పబోతే గుడ్లురిమి ఆపాల్సొచ్చింది.

సరే, సుబ్బారావుగారి దగ్గరికి వద్దాం, జమీందార్ల మీదుగా. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం, 1937లో ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జమీందారీ విచారణ కమిటీ, చివరికి 1948 రద్దు చట్టం. జమీందారుకిచ్చే పరిహారాన్ని మూల వార్షిక మొత్తానికి పన్నెండున్నర రెట్ల నుంచి ముప్పై రెట్ల దాకా లెక్క కట్టారు. చిన్న ఎస్టేటుకు రెట్లు ఎక్కువ, పెద్ద ఎస్టేటుకు తక్కువ. భూమి తీసుకునే చట్టాల్లో ఇంత ఆలోచించి రాసిన లెక్క నేనింకోటి చూడలేదు. దేశమంతటా ఇలాంటి చట్టాలు కోర్టుల కెక్కుతుంటే 1951లో మొదటి సవరణ తెచ్చి తొమ్మిదో షెడ్యూలు పెట్టారు. అందులో చేర్చిన చట్టాన్ని ప్రాథమిక హక్కు పేరుతో కొట్టేయడానికి వీల్లేకుండా చేశారు. 1955లో నాలుగో సవరణ, పరిహారం చాలదని కోర్టుకు వెళ్ళే దారి మూసేసింది.

మూసిన ఆ తలుపును మన రాజమండ్రి ఆయన కాస్త తోసి చూశారు. 1964లో వజ్రవేలు ముదలియార్ కేసు. మద్రాసులో ఇళ్ళ పథకానికి భూమి తీసుకుంటూ ధర తక్కువ కట్టే పద్ధతి పెట్టారు. పరిహారమన్న మాట రాజ్యాంగంలో ఉన్నంతకాలం దాని అర్థం పోయినదానికి సరితూగే విలువేనని సుబ్బారావుగారు రాశారు. తరవాత 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు. పంజాబులో ఐదు వందల ఎకరాల పైచిలుకున్న కుటుంబం. సీలింగు చట్టం ప్రకారం అన్నదమ్ములు తలకి ముప్పై ఎకరాలే ఉంచుకోవాలి. పదకొండు మంది న్యాయమూర్తుల్లో ఆరుగురు ఒకవైపు. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు సవరణతో కూడా తగ్గించలేదన్నారు. తమాషా ఏమంటే, ఈ సూత్రం ఇకముందుకే వర్తిస్తుందనడంతో జరిగిన భూసంస్కరణలు చెక్కుచెదరలేదు. కేసు వేసిన కుటుంబానికి ఒక్క ఎకరమూ తిరిగి రాలేదు. ఆ ఏప్రిల్లోనే ఆయన రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి జాకీర్ హుస్సేన్‌గారి చేతిలో ఓడిపోయారు.

మా రోజుల్లో కుర్రలాయర్లం ఆయన్ని భూస్వాముల జడ్జి అనేవాళ్ళం. నేనూ అన్నాను. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ రోజు కోర్టు మెట్లెక్కింది వందల ఎకరాలవాళ్ళే. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300ఏ అధికరణంగా వెనక్కి పెట్టినప్పుడు మేం చప్పట్లు కొట్టాం. ఎవరికి నష్టం, జమీందార్లకే కదా అనుకున్నాం. అప్పటికి జమీందార్లు ఎక్కడున్నారు? 1975 నుంచి అమలైన సీలింగు చట్టానికి భయపడి పెద్ద కమతాలు కూడా బామ్మర్దుల పేర్లా, పాలేర్ల పేర్లా చీలిపోయాయి. హక్కు బలహీనపడే నాటికి సర్కారు తీసుకునే భూమి ఎకరం, అరెకరం, నలభై సెంట్లవాళ్ళదైంది. సుబ్బారావుగారు రాసిన రక్షణ అవసరమైనవాళ్ళు ఆయన పోయాక వచ్చారు.

ఆ వచ్చినవాళ్ళెవరో చూడండి. కోనసీమలో గ్యాసు పడింది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని అరవై రోజులకు పైగా మండింది, మీలో చాలామంది ఆ వెలుతురు చూసే ఉంటారు. గ్యాసుకు గొట్టాలు కావాలి, గొట్టాలకు భూమి అక్కర్లేదట, భూమిని వాడుకునే హక్కు చాలట. 1962 పైపులైన్ల చట్టం అంతే చెబుతుంది. పట్టా మీదే, శిస్తూ మీదే, అమ్ముకోవచ్చు కూడా. కాని ఆ మేర ఇల్లు కట్టకూడదు, చెరువో నుయ్యో తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి తప్ప మరొకటి ఎరగని సీమలో చెట్టు నాటకూడదన్నారు! దీనికి పంట నష్టం కాక మార్కెట్ ధరలో పదోవంతు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గొట్టం పగిలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. ఆ తెల్లారి ఊరికి వెళ్ళినవాళ్ళు మాడిన కొబ్బరి మట్టల వాసన గురించి ఇప్పటికీ చెబుతారు.

కొల్లేరుది ఇంకో తరహా. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. సరస్సును కమ్మేసిన పెద్ద చేతులున్నాయి, కాదనను. పర్యావరణం ఉత్త మాటని కూడా అనను. కాని ఆ గీత లోపల వేల ఎకరాల జిరాయితీ ఉంది. తీసుకోలేదు కాబట్టి పరిహారం లేదు, వాడుకోనివ్వరు కాబట్టి పంట లేదు.

అంతకన్నా పాత తరహా ఏజెన్సీది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండలకు కొండలు రిజర్వు అయ్యాయి. ఏ గెజెట్టూ చదవని కొండరెడ్డికి తన పోడు నేరమైపోయిందని గార్డు వచ్చి చెబితే తెలిసింది. పితూరీలు ఊరికే పుట్టలేదు. తరవాత 1959 నాటి ఒకటో రెగ్యులేషను, 1970 సవరణ గిరిజనేతరుల నుంచి ఆ భూమిని కాపాడాలని చూశాయి. అదే భూమి మీదికి ఇప్పుడు పోలవరం వచ్చింది. 194 టీఎంసీల జలాశయం, లక్ష కుటుంబాలకు పైగా ముంపు. కాఫర్ డ్యాం కట్టాక దేవీపట్నం వైపు వరద వెనక్కి తన్ని, పునరావాసం పూర్తికాని ఊళ్ళలోకి నీళ్ళు ముందే వచ్చాయి. పాత చట్టం కింద అవార్డైన రైతూ, కొత్త చట్టం అమల్లోకొచ్చిన 2014 తరవాత అవార్డైన రైతూ పక్కపక్క గట్లవాళ్ళే. ధరలో పోలికే లేదు. ఈ ప్రాజెక్టు నీళ్ళు కిందనున్న మనకు. ఇది మనం ఈ హాల్లో కూర్చుని మర్యాదగా తప్పించుకునే మాట. 1852లో కాలవకు పొలం పోగొట్టుకున్న మన ముత్తాతకి కనీసం మిగిలిన పొలానికి నీరొచ్చింది. కొండరెడ్డికి ఏ కాలవా రాదు.

2013 చట్టం మంచిదే. సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి చేసింది, ప్రైవేటు కంపెనీకైతే నూటికి ఎనభై మంది ఒప్పుకోవాలంది, రెండు పంటల మాగాణిని చివరి గత్యంతరంగా తప్ప ముట్టవద్దంది. రెండు పంటల మాగాణి అంటే డెల్టాయే కదా అని నేను సంబరపడ్డాను. 2018లో మన రాష్ట్ర సవరణ కొన్ని రకాల ప్రాజెక్టుల్ని ఆ షరతుల్లోంచి తప్పించేసింది. నా సంబరం ఐదేళ్ళు కూడా నిలవలేదు.

2013 చట్టంలో ఇంకో మంచి మాట ఉంది. మూడేళ్ళుగా అక్కడ సాగుచేసుకు బతుకుతున్న కౌలుదారు కూడా బాధితుడే. చదివినప్పుడు నాకు ఆ కొబ్బరితోట గుర్తొచ్చింది. అడంగల్లో పట్టాదారు పేరుకొక గడి, అనుభవదారు పేరుకొక గడి ఉంటాయి. డెల్టాలో దున్నేది ఎక్కువగా కౌలుదారే. అయినా రెండో గడిలో చాలాచోట్ల "స్వయం" అని ఉంటుంది. కౌలుదారు పేరెక్కితే హక్కొస్తుందని మన భయం. మనమంటే ఇక్కడున్న మనమే. నా సొంత ఎకరన్నర అడంగల్లో కూడా చాలాకాలం స్వయం అనే ఉండేది, నేను నాగలి పట్టిన పాపాన పోలేదు. 2019లో సాగుదారు హక్కుల కార్డు తెచ్చారు. దానికీ యజమాని సంతకం అడిగారు, గడువు పదకొండు నెలలు పెట్టారు.

తోటలో ఆ రోజు సాయంత్రానికి లెక్క పూర్తయింది. మామ్మగారు ఇరవై ఏడో నంబరు చెట్టు దగ్గరే కూర్చుంది. సర్వేయరు గొలుసు చుట్టుకుంటున్నాడు. రెండో కొస పట్టినవాడు బోదెలోంచి పైకొచ్చి కాళ్ళకు అంటిన బురద గడ్డికి తుడుచుకున్నాడు. ఆ చెట్ల కింద కంద వేసింది అతనే. కౌలు మామ్మగారికి ముందే కట్టేశాడు. రిజిస్టర్లో కంద ఊసు లేదు. అతను గుమాస్తా దగ్గరికి పోలేదు. లాయరుగారి మనిషినని తెలుసు కాబోలు, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"బాబుగారూ, కంద తవ్వుకోడానికి ఎన్నాళ్ళు టైమిత్తారండి?"