ఉద్యోగంలో మాట తీరు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మాకు అప్పగించిన విషయం ఉద్యోగంలో మాట తీరు. మాట తీరు అనగానే చాలామందికి మాటకారితనం గుర్తుకొస్తుంది. తియ్యగా మాట్లాడి పని చక్కబెట్టుకునేవాణ్ణి మాటకారి అంటాం. మేము చెప్పబోయేది అది కాదు. మనం చెప్పదలచినది ఎదుటివారికి చేరాలి, ఎదుటివారు చెప్పినది మనకు చేరాలి. విషయం ఇంతే. కాని ఈ ఇంతలోనే మన పిల్లల బతుకుతెరువు ఉన్నది.

మన పిల్లలు డిగ్రీలు తెచ్చుకుంటున్నారు. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదువుతున్నారు. పని చేతగాక వెనకబడుతున్నవాళ్లు తక్కువ, నోరు పెగలక వెనకబడుతున్నవాళ్లే ఎక్కువ. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మూడూ వచ్చు. ఆఫీసరు ముందు నిలబడేసరికి మూడింట్లో ఒక్కటీ రాదు!

దీనికి కొంత చరిత్ర ఉన్నది. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. 1948 తర్వాత కాలం మారింది. 1966 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు అధికార భాష అయింది. ఉర్దూలో ఫైళ్లు నడిపిన తరానికి ఒక్కసారిగా కాళ్లకింద నేల కదిలినట్లయింది. ఆ బెరుకు తండ్రి నుంచి కొడుక్కు వచ్చింది. తెలంగాణలో 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది, సంతోషం. అయినా పక్క కుర్చీలో కూర్చున్న మనిషితో మాట్లాడవలసింది మనమే కదా, చట్టం మాట్లాడదు.

అయితే బెరుకు ఎందుకు? ఒక్కసారి తెలుగు ఆఫీసులో వినపడే మాటలు లెక్కపెట్టండి. దరఖాస్తు, అర్జీ, ఫిర్యాదు, రసీదు, హాజరు, జవాబు, మంజూరు, జమ, ఖర్చు, బాకీ, వసూలు, నకలు, సిఫారసు, తాకీదు, జామీను, వకీలు, జిల్లా, రాజీనామా! ఇవన్నీ ఎవరింటి మాటలు? తెలుగు వాటిని ఎప్పుడో తన సొంతం చేసుకున్నది. అందుచేత ఆఫీసు తెలుగు మనకు పరాయి ఇల్లు కాదు, సగం సామాను మనదే ఉన్న ఇల్లు.

ఇంటి భాష ఉర్దూ కాకపోయినా ఉర్దూలో చదువుకున్నవాళ్లు మన ఓరుగల్లులోనే ఉండేవారు. కాళోజీ నారాయణరావు గారు అట్లా చదివినవారే. పి.వి. నరసింహారావు గారికి ఉర్దూ సహా ఎన్నో భాషలు వచ్చేవి. ఇంకో భాష నేర్చినందువల్ల వారి తెలుగు తరిగిపోలేదు. మన పిల్లలు తెలుగు బాగా నేర్చినా ఉర్దూ తరిగిపోదు.

ఇక పనిలోకి వద్దాం.

మొదటిది, ‘సరే’ అన్న మాట. పై అధికారి పని చెప్తాడు, మనం ‘సరే’ అంటాం. ఆ సరేకు అర్థం ఏమిటి? విన్నామనా, అర్థమైందనా, చేస్తామనా? చెప్పినవాడు చేస్తారనుకుని వెళ్లిపోతాడు, మనం విన్నాం కదా అనుకుని కూర్చుంటాం. సాయంత్రానికి గొడవ. కాబట్టి సరే అన్న తర్వాత ఇంకొక్క వాక్యం చేర్చాలి: “సాయంత్రం నాలుగు గంటలకల్లా మూడు నకళ్లు తెచ్చిస్తాను సార్.” ఇన్‌షా అల్లా అనే మాట కూడా మనసులో గట్టిగా అనుకుని చెప్పవలసిన మాట. తప్పించుకోవడానికి వాడితే ఆ మాటకే మర్యాద పోతుంది.

రెండవది, విన్నది తిరిగి చెప్పడం. మనలో కాజీపేట రైల్వే కుటుంబాలు ఉన్నవి, వారికి ఈ సంగతి తెలుసు. ఫోను మీద లైన్ క్లియర్ ఇచ్చే చోట అవతలి స్టేషన్ మాస్టరు ఊరికే ‘పంపించు’ అంటే చాలదు. ఒక ప్రైవేటు నంబరు చెప్పాలి, ఇవతల అది రిజిస్టరులో ఎక్కాలి, అప్పుడే బండి కదలాలి. వందలమంది ప్రాణాలు ఉన్నచోట నోటిమాటను అంత గట్టిగా బిగించారు. ఆసుపత్రులలోనూ ఇంతే. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల కోసం ఒక చెక్‌లిస్టు తయారుచేసింది. కోత పెట్టకముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తన పేరు, తన పని చెప్పుకోవాలన్నది అందులో ఒకటి. పెద్ద పెద్ద డాక్టర్లకే ఇది అవసరమైతే మనకు నామోషీ ఎందుకు?

మాట చేరకపోతే ఏమవుతుందో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర చూశాం. ఢిల్లీ నుంచి సౌదీ అరేబియాకు బయలుదేరిన విమానం, ఎదురుగా వస్తున్న కజకిస్తాన్ విమానం ఆకాశంలో ఢీకొని 349 మంది పోయారు. కజకిస్తాన్ విమానం 15,000 అడుగుల ఎత్తున ఉండవలసింది, ఇంకా కిందికి దిగింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడం కూడా ఒక కారణమని విచారణలో తేలింది. పొట్టకూటికి గల్ఫు పోయే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి గనుక ఈ సంగతి చెప్పాం.

మూడవది, రోజులు, అంకెలు. ఉర్దూలో ‘కల్’ అంటే నిన్న అవుతుంది, రేపూ అవుతుంది. ఇక మన దక్కనీలో ‘పర్సోఁ’ అంటే మొన్న కావచ్చు, ఎల్లుండి కావచ్చు, ఆర్నెల్ల కింద కూడా కావచ్చు! ఇంట్లో నవ్వుకుంటాం, ఆఫీసులో నవ్వరు. తెలుగులో చెప్పేటప్పుడు తేదీ, వారం రెండూ చెప్పాలి. అంకెలూ అంతే. ఉర్దూలో ఉన్యాసీ, నవాసీ, తెలుగులో ఇరవై, అరవై, ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ. ఫోనులో ఒకటి ఇంకొకటిగా వినపడుతుంది. ఎనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి క్వింటాలు ధర చెప్పేటప్పుడు ఇటువంటి తేడా వస్తే ఎవరి జేబు చిరుగుతుందో మీరే ఆలోచించండి. ఒక్కొక్క అంకె విడదీసి చెప్పడం మంచిది.

నాలుగవది, మన్నన. మన పిల్లలు చాలామంది తెలుగు గల్లీలో దోస్తుల దగ్గర నేర్చారు, అందుచేత ‘నువ్వు’ తప్ప తెలియదు. ఇంట్లో ‘ఆప్’ అనేవాడే బ్యాంకులో ‘నువ్వు’ అంటాడు. తహజీబు లేక కాదు, ఆ మాట నేర్పినవారు లేక. మీరు, అండి, గారు ఈ మూడూ నేర్పండి. పల్లె రైతు వచ్చి మనల్ని ‘నువ్వు’ అంటే చిన్నబుచ్చుకోవద్దు, అది ఆయన దగ్గరితనం. ఇంకో సంగతి. మన్నన పైవారికే కాదు, చాయ్ తెచ్చే పిల్లవాడికి, బస్తా మోసే హమాలీకి కూడా ‘మీరు’ అని చూడండి, మీ పని ఎంత తొందరగా అవుతుందో! అట్లాగే ముగ్గురు కూర్చున్నచోట మూడోవారికి ఉర్దూ రాకపోతే ఇద్దరం ఉర్దూలో మాట్లాడుకోవద్దు. తనగురించే అనుకుంటాడు.

అయిదవది, చెడ్డ వార్త చెప్పడం. మిషను ఆగింది, లెక్క తప్పింది, సరుకు రాలేదు. భయపడి దాస్తే రేపటికి రెండింతలవుతుంది. మూడు ముక్కల్లో చెప్పాలి: ఏం జరిగింది, మేము ఏం చేశాం, ఇప్పుడు ఏం కావాలి. కథ అక్కరలేదు.

ఆరవది, కాగితం. ఒక అర్జీలో ఒకే విషయం రాయండి. తేదీ వేయండి, నకలు ఉంచుకోండి, రసీదు అడగండి. 2005 సమాచార హక్కు చట్టం కింద తెలుగులోనే దరఖాస్తు పెట్టవచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నోటితో పదిసార్లు తిరిగినా కాని పని సక్రమంగా రాసిన అరపేజీతో కావచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంట్లో ఆడపిల్ల ఎదురుప్రశ్న వేస్తే “జబాన్ చలాతీ హై” అని గద్దిస్తాం. పద్దెనిమిదేళ్లు అట్లా నోరు మూయించి, ఇంటర్వ్యూకు పంపేనాడు “ధైర్యంగా మాట్లాడమ్మా” అంటాం. ఎక్కడినుంచి వస్తుంది ధైర్యం? నర్సు కావాలన్నా, టీచరు కావాలన్నా మాట కావాలి. మర్యాదతో అడిగే ప్రశ్న బేఅదబీ కాదు. దస్తర్‌ఖాన్ దగ్గర రోజుకొక ప్రశ్న అడగనివ్వండి, ఓపికతో జవాబివ్వండి. అదే మొదటి ఇంటర్వ్యూ.

చివరగా సంఘానికి ఒక మనవి. డబ్బు అక్కరలేదు, ఆదివారం సాయంత్రం ఒక గంట చాలు. పిల్లలు వంతులవారీగా తెలుగు పేపరు పైకి చదవాలి. ఒక అర్జీ రాయాలి. ఒకరు ఆఫీసరుగా, ఒకరు అభ్యర్థిగా కూర్చోవాలి. రిటైరైన రైల్వే వారు, ఉపాధ్యాయులు మనలో ఉన్నారు, వాళ్లు సరిదిద్దాలి. బదులుగా పెద్దలు ఆ పిల్లలకు ఉర్దూ లిపి నేర్పాలి, ఎందుకంటే ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ ఉర్దూ చదవలేని పిల్లలు ఎక్కువవుతున్నారు. పెద్దల దగ్గర ఉన్నది పిల్లలకు, పిల్లల దగ్గర ఉన్నది పెద్దలకు అందుతుంది.

వచ్చే వార్షికోత్సవానికి ఈ మైకు ముందు మా వంటి పెద్దలు గాక, ఆ ఆదివారం తరగతిలోని అమ్మాయో అబ్బాయో నిలబడి అయిదు నిమిషాలు తడబడకుండా మాట్లాడితే, ఈ రోజు మీరు ఇంతసేపు ఓపికతో విన్నందుకు ఫలితం దక్కినట్లే. ఆ పేర్లు ఈ రాత్రే కార్యదర్శిగారి దగ్గర రాయించి వెళ్లవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాం. ఖుదా హాఫిజ్.