పాత వ్యాను వేడెక్కితే
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)

ముప్పై ఏళ్ళు గ్యారేజీలో స్పానరు పట్టినవాణ్ణి. మైకు పట్టడం అలవాటు లేదు. తప్పులుంటే మన్నించాలి.

మన సభ్యులొకరు గ్రాట్యుటీ డబ్బులో కొంత పెట్టి అబ్బాయికి పాత మారుతీ ఓమ్నీ కొనిచ్చారు. స్కూలు పిల్లల్ని దింపే పని. రెండు నెలలకే బండి వేడెక్కడం మొదలైంది. మెకానిక్కు చూసి, హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజను దింపాలన్నాడట. అయినకాడికి అమ్మేద్దామనుకుని, ఆఖరుసారిగా నన్ను పిలిచారు.

ఓమ్నీ ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. నీళ్ళు కారినా కంటపడవు. రాత్రి బండి కింద పాత పేపర్లు పరిపించాను. తెల్లారి చూస్తే ఒక్క చుక్క లేదు. పగలు తిరిగొస్తే మాత్రం అర లీటరు తగ్గుతోంది! మెకానిక్కుకు అనుమానం వచ్చింది ఇందుకే.

ఇంజను చల్లగా ఉండగా రేడియేటరు మూత తీసి స్టార్టు చేయించాను. గ్యాస్కెట్ పోతే నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తాయి. రాలేదు. ఆయిలు పుల్ల తీసి చూశాను. నీళ్ళు కలిస్తే ఆయిలు మజ్జిగలా తెల్లబడుతుంది. అదీ లేదు. వేడెక్కాక సైలెన్సరు నుంచి తెల్లపొగ లేదు. అంటే నీళ్ళు బయటికే పోతున్నాయి, అదీ బండి నడిచేటప్పుడే.

కారణం ప్రెషరు. చాలా మూతలమీద 0.9 అని ఉంటుంది. ఆ ఒత్తిడిలో నీళ్ళు 100 దగ్గర కాక సుమారు 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అందుకే వేడి ఇంజను మూత ఎన్నడూ తీయకండి. సర్వీసులో చేరిన కొత్తలో నేను తీశాను. ముంజేతి మీద మచ్చ చూడదలచినవారు భోజనాల దగ్గర చూడవచ్చు.

టార్చి వేసి వెతికితే వాటర్ పంపు అడుగునున్న చిన్న రంధ్రం నుంచి తెల్లటి చార కనిపించింది. పంపు సీలు అరిగితే నీరు అక్కడినుంచే వస్తుంది. వేడికి ఆరిపోయి ఉప్పు మిగిలింది. అబ్బాయిని అడిగితే, "రోజూ బోరునీళ్ళు పోస్తున్నా బాబాయ్, సరిపోదా?" అన్నాడు. పైగా ఎవరో థర్మోస్టాట్ పీకేశారు. మన ఎండలకు అది అక్కర్లేదనే మాట నేను ఒప్పుకోను. పీకేస్తే ఇంజను సరైన వేడికి రాక పెట్రోలు తాగుతుంది.

పంపు మార్చి, లోపలి ఉప్పు కడిగించి, థర్మోస్టాట్ తిరిగి పెట్టించాం. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగంసగం పోశాం. ఇంజను దింపనేలేదు, బండి అమ్మనేలేదు. ఆ అబ్బాయి ప్రతి ఆదివారం పొద్దున్నే, బండి కదపకముందే, నీటిమట్టం చూసి నాకు ఫోను చేస్తున్నాడు.